రెండువందల పన్నెండు చోట్లు

గోడ క్యాలెండరులో కొట్టేసిన తేదీ అంటే అయిపోయిన రోజా, మొదలైన రోజా అన్న దాని మీద ఆమె ఇంట్లో పొద్దున్నే గొడవ లేచింది. మామగారు నిద్ర లేవగానే, మొహమైనా కడుక్కోకముందే, వంటగది తలుపు పక్కన వేలాడే పెన్సిలు తీసి ఆ రోజు గడి మీద అడ్డగీత గీస్తారు. కాలేజీ చదువుతున్న మనవరాలు పడుకోబోయే ముందు గీస్తుంది. ఇద్దరి గీతా ఒకటే, పెన్సిలూ ఒకటే. బుధవారం గడి మీద గీత ఉంది. కంటి ఆసుపత్రికి రమ్మన్నది బుధవారం. వారం వారం షిఫ్టు మారే భర్తకి ఏ రోజేదో ఎప్పుడూ అనుమానమే కనుక, ఆ గీత చూసి గుండెలు బాదుకున్నంత పని చేశాడు.

"నిన్ననే అయిపోయిందిగా! ఇంట్లో నలుగురున్నాం, ఒక్కరికీ పట్టలేదు."

"ఇవాళే నాన్నా బుధవారం. తాతయ్య అప్పుడే కొట్టేశాడు. రోజింకా నడుస్తుంటే కొట్టేయడమేంటి తాతయ్యా?"

"గీత పెట్టాకే కత్తెర పడుతుందే. వచ్చిన రోజు వచ్చేసినట్టే," అన్నారు నలభై ఏళ్ళు దర్జీ పని చేసిన మామగారు.

"నీ లెక్కన మనమెప్పుడూ రేపట్లోనే ఉంటాం."

"నీ లెక్కన ఎప్పుడూ నిన్నట్లో ఉంటాం. ఏది మేలు?"

"మీ ఇద్దరికీ కాదు, మీ అమ్మకి చెప్పాలి," అన్నాడు భర్త కూతురితో నవ్వుతూ. "ఊరివాళ్ళ రాతలన్నీ ఒక్క తీరుకి తెస్తుంది. ఇంట్లో క్యాలెండరుకి మాత్రం దిక్కులేదు. ఏమోయ్, నీ నియమాల పేజీలో దీనికేం రాశావు?"

ఇంకోరోజైతే ఆమె దానికి దీటుగా ఏదో ఒకటి అంటించేదే. ఇవాళ గిన్నె తోముతున్న చెయ్యి ఆగిపోయింది, కుళాయి కింద నీళ్ళు గిన్నె నిండి పొర్లాయి, అంతే. "మామయ్యగారూ, బస్సు టైమయింది, చొక్కా మార్చుకోండి," అని మాత్రం అంది. ఆ మాటలో ఎగతాళి లేకపోవడం చూసి భర్త ఒకసారి ఆమె వైపు తేరిపార చూశాడు.

ఇప్పుడు ఆసుపత్రి పై అంతస్తులో పొడుగాటి బెంచీ మీద, కళ్ళు మూసుకున్న మామగారి పక్కన ఆమె కూర్చుని ఉంది. తెల్లకోటు అమ్మాయి ఆయన రెండు కళ్ళలోనూ చుక్కలు వేసి, గంటసేపు తెరవకండి తాతగారూ అని చెప్పి వెళ్ళింది. బెంచీ పొడుగునా అందరూ అలాగే కళ్ళు మూసుకుని, ఎక్కడ దిగాలో తెలియని ప్రయాణికుల్లా బుద్ధిగా కూర్చున్నారు. తోడొచ్చినవాళ్ళకి మాత్రం ఏం చూడాలో తోచక గోడలే గతి. ఆమెకి గోడ ఎప్పుడూ గోడలా కనబడదు, అదే వచ్చిన చిక్కు. బయటికి వెళ్ళే దారి అని చెప్పే పలక ఎర్రగా ఉంది, లోపలికి రావద్దని చెప్పే పలకా ఎర్రగానే ఉంది. మూడో గది తలుపు మీద అంకె, నాలుగో గది మీద అక్షరాలు, ఐదో గది మీద రెండూ. ఇందాకే ఒకాయన ఎర్ర పలక ముందు ఆగి, ఇది పొమ్మంటోందా వద్దంటోందా అన్నట్టు తల గోక్కుని, వెనక్కి వచ్చి కూర్చున్నాడు. అందరిదీ ఒకదారైతే ఉలిపికట్టెది ఒకదారి అని తల్లి ఎప్పుడూ అనేది. ఆమెకి మాత్రం చిన్నప్పట్నుంచీ ముందు ఉలిపికట్టే కనబడుతుంది, ఆ తర్వాతే మిగతా కట్టెలు. ఆరేసిన బట్టల వరసలో తిరగేసి వేసిన చొక్కా, పెళ్ళిపత్రికలో ఒక్క వరస మాత్రం ఎడంగా ఉండటం, ఎవరింటికైనా వెళితే నాలుగు కుర్చీల్లో ఒక్కటి వేరే జత కావడం. చూడకూడదనుకున్నా కన్ను అక్కడికే పోతుంది, పంటి సందున ఇరుక్కున్న పీచు దగ్గరికి నాలుక పోయినట్టు. కాలేజీలో కెమిస్ట్రీ రికార్డు చూసి మేడమ్ ఒకమాట అంది, రికార్డంటే నువ్వు గదిలో లేనప్పుడు నీ బదులు మాట్లాడేదమ్మా అని. అప్పుడది మార్కుల మాట అనుకుంది. గదిలో తను లేనప్పుడు. ఎక్కడో, ఏ ఊళ్ళోనో, పేరు తెలియని గదిలో తను లేనప్పుడు తన బదులు ఏం మాట్లాడిందో నిన్న మధ్యాహ్నం తెలిసింది.

దీనంతటికీ మొదలు కూతురి జ్వరం. మూడేళ్ళ కిందట పిల్లకి కాలేజీలో ఒక పని ఇచ్చారు, ఏదైనా ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్‌కి ఒక చిన్న సాయం చేసి చూపించమని. పిల్ల ఎంచుకున్నది చిన్న చిన్న ఆసుపత్రుల్లో టీకామందులు పెట్టే ఫ్రిజ్‌ని కనిపెట్టుకుని ఉండే సాఫ్ట్‌వేర్. ఫ్రిజ్‌లో చల్లదనం తగ్గితే గంట మోగిస్తుంది. అది ఎవరి సొత్తూ కాదు, అందరిదీ. ఎవరైనా తీసుకోవచ్చు, ఎవరైనా బాగుచేయవచ్చు, చేసినవాళ్ళకి దక్కేది ఒక థాంక్యూ. జ్వరంతో దుప్పటి కప్పుకున్న పిల్లకి మందు ఇవ్వడానికి వెళ్ళి, భుజం మీదుగా తెర మీదకి చూసి, "ఏమే, ఈ పేజీలో ఒకచోట చేయాల్సిన పనులకి అంకెలేశారు, కిందికొచ్చేసరికి చుక్కలు పెట్టారు, ఎందుకే?" అని అడిగింది. "నీకంత ఇదిగా ఉంటే నువ్వే మార్చు, అందుకేగా ఓపెన్ అన్నారు," అంది పిల్ల. మార్చింది. మర్నాటికల్లా ఎవరో ముక్కూమొహం తెలియని మనిషి బాగుంది, ఇంకా చూస్తారా అని రాశాడు. ఇరవై ఏళ్ళ కాపురంలో సర్దిన అరల్ని చూసి బాగుంది, ఇంకా చూస్తారా అన్నవాళ్ళు లేరు. పిల్ల మార్కులు తెచ్చుకుని ఆ సంగతే మర్చిపోయింది. తల్లి ఉండిపోయింది. అక్కడ అందరికీ మారుపేర్లే. ఎవరు చేసిన మార్పునైనా ఒప్పుకునేదీ కాదనేదీ గుడ్లగూబ, దీన్ని మొదలుపెట్టినాయన్ని అందరూ పెద్దాయన అంటారు, ఆయనకి ఎనభయ్యో ముప్ఫయ్యో ఎవరికీ తెలియదు. నీ పేరేమిటని అడిగిన పెట్టె ముందు ఆగి, చేతిలో ఉన్నదే తోచి, చీపురుపుల్ల అని కొట్టింది. మూడేళ్ళలో చీపురుపుల్ల లేనిదే అక్కడ పేజీ కదలదన్నంత అయింది. అందరూ పాటించాల్సిన రాతపద్ధతి పేజీ కూడా ఆమే రాసింది, పద్నాలుగు నియమాలు. వాటిలో మొదటివి రెండూ, సాఫ్ట్‌వేర్ వాడేవాళ్ళ కోసం ఆ పేజీలన్నీ కలిపి పెట్టిన పుస్తకం తెరవగానే కనబడేలా పెట్టించింది. చదివేవాళ్ళు ఉన్నది ఉన్నట్టు కొట్టాల్సింది బూడిదరంగు పెట్టెలో ఉండాలి. నమూనాకి చూపించింది, అంటే తీసేసి సొంతది వేసుకోవాల్సింది, వాలు అక్షరాల్లో ఉండాలి. పసిపిల్లకైనా తెలిసేంత తేలిక.

మామగారు మెడ ఒక పక్కకి వాల్చి సర్దుకున్నారు. ఆయన మూసిన రెప్పల కింద చుక్కమందు ఒక చారలా దిగుతుంటే చేతిరుమాలుతో అద్దింది. ఎదురుగా గడియారం పదీ ఇరవై. నిన్న ఈపాటికి తనకేమీ తెలియదు. నిన్న మధ్యాహ్నం భోజనాలయ్యాక, అందరూ వెళ్ళాక, ఫిర్యాదుల పేజీ తెరిచింది. అలవాటుగా, రోజూ పేపరు తిరగేసినట్టు. గుడ్లగూబ మూసేసిన ఫిర్యాదు ఒకటి కనబడింది. మూసేసినవి ఎవరూ చదవరు. ఆమె చదువుతుంది. ఎక్కడో ఒక చిన్న ఆసుపత్రిలో నర్సమ్మ రాసింది. ఒక రాత్రి ఫ్రిజ్ తలుపు సరిగ్గా పడలేదు. తెల్లవారేసరికి లోపల పద్నాలుగు డిగ్రీలుంది, గంట మోగలేదు. ఎనిమిది దాటితే మందు పనికిరాదు. రెండు అరల మందు పారబోశారు. ఆ రోజు పిల్లల్ని ఎత్తుకుని ఎండలో నడిచొచ్చిన తల్లుల్ని మళ్ళీ రమ్మని పంపేశారు. ఇదంతా ఎలా జరిగిందో సంజాయిషీ రాసివ్వమని పెద్దడాక్టరు నర్సమ్మని నిలదీశాడు. "మీ పుస్తకంలో ఉన్నట్టే చేశాను," అని రాసింది ఆవిడ. "ఏ అంకె దాటితే గంట మోగాలో అక్కడ ఇరవై అని కొట్టాను. ఎనిమిది కదా ఉండాలి అని నాకూ అనిపించింది. కానీ బూడిదరంగు పెట్టెలో ఉన్నది ఉన్నట్టే కొట్టాలని మొదటి పేజీలోనే రాశారు. ఈ యంత్రం లెక్క వేరేమో అనుకున్నాను." దాని కింద గుడ్లగూబ రెండే మాటలు రాశాడు. వాడినవారి పొరపాటు. మూసివేయడమైనది. దాని కింద మళ్ళీ ఆవిడ, "సరేనండి. ఇకమీదట జాగ్రత్తగా చదువుతాను."

ఆ ఆఖరి వాక్యం దగ్గర ఆమెకి చెవులు వేడెక్కాయి. ఎవడు పెట్టాడు ఇరవైని పెట్టెలో? అది నమూనా అంకె కదా. ఆ పేజీ మొదట రాసినవాడు తెలివైనవాడు, కావాలనే ఫ్రిజ్‌కి ఎటూ పొసగని అంకె వేసి వాలు అక్షరాల్లో పెట్టాడు, ఎవరూ దాన్ని నిజమనుకోకుండా. ఎవరో తలతిక్కవాడు దాన్ని పెట్టెలోకి లాగాడు. అక్కడ ప్రతి మార్పు పక్కనా ఎవరు చేశారో, ఎప్పుడు చేశారో చెరగకుండా ఉంటుంది. దొంగని పట్టుకుంటానన్న కసితో ఆ పేజీ చరిత్ర తెరిచింది. చీపురుపుల్ల. అక్కడున్న పేరు అదే. పోయిన ఏడాది ఒక మధ్యాహ్నం. తేదీ చూడగానే ఆ మధ్యాహ్నం మొత్తం కళ్ళముందు నిలిచింది, కిటికీ తెర, పక్కింట్లో ఎవరో గోడకి మేకు కొడుతున్న చప్పుడు. డిగ్రీలూ నిమిషాలూ కొన్ని పేజీల్లో పెట్టెల్లో, కొన్నిట్లో ఊరికే, కొన్నిట్లో వాలుగా ఉన్నాయని ఎన్నాళ్ళుగానో చిరాకు. వెతికి మార్చే మీట ఒకటుంది, ఏది కనబడితే దాన్ని ఇలా చెయ్యి అని ఒక్కసారి చెబితే చాలు. చెప్పింది. రెండువందల పన్నెండు చోట్ల మారాయని తెర మీద వచ్చింది. దుప్పటి నాలుగు కొసలూ ఒక్క లాగుతో బిగించి ముడత లేకుండా పరిచినప్పటి ఆనందం. పైనుంచి కిందిదాకా ఒకటే తీరు. లేచి వెళ్ళి చల్లటి నీళ్ళు తాగింది కూడా, అదీ గుర్తుంది. రెండువందల పన్నెండూ ఒక్కటొక్కటిగా చూడలేదు. మొదటి పది చూసింది. అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టుకుని చూస్తే చాలదా అనుకుంది. అంకెలన్నీ ఒకేలా కనబడ్డాయి కనుక ఒకేలా పెట్టింది. ఒకేలా కనబడేలా చేయడానికి ముందు అవి ఒకే మాట చెబుతున్నాయా అని చూసుకోవాల్సింది తనేగా. తన పద్నాలుగు నియమాల్నీ ఈ లోకంలో ఒక్క మనిషి అక్షరాలా నమ్మింది. నమ్మినందుకే ఇప్పుడు సంజాయిషీ రాసుకుంటోంది.

తెల్లకోటు అమ్మాయి సీసా పట్టుకుని వరసగా వచ్చింది. "తల పైకెత్తండి తాతగారూ, ఇంకో చుక్క." ఆయన చిన్నపిల్లాడిలా నోరు తెరిచి తల ఎత్తారు. "నోరెందుకండీ, కళ్ళు చాలు," అని ఆ అమ్మాయి అంటే బెంచీలో రెండుచోట్ల నవ్వు. ఆమె నవ్వలేకపోయింది. సంచిలో ఫోను బరువుగా ఉంది. దాంట్లో పెద్దాయన నుంచి ఉత్తరం ఉంది. ఇకమీదట పుస్తకమంతటికీ పెద్దగా చీపురుపుల్ల ఉండాలని అందరూ అనుకున్నారట, ఒప్పుకుంటున్నట్టు ఇవాళ సాయంత్రం ఐదింటికల్లా ఒక్కమాట రాస్తే ప్రకటిస్తారట. మొన్న ఆ ఉత్తరం వచ్చినప్పుడు వంటింట్లో ఒంటరిగా నిలబడి నాలుగుసార్లు చదువుకుంది. ఎవరికీ చెప్పలేదు. చెబితే పొంగు చల్లారిపోతుందేమోనని దాచుకుంది. ఇప్పుడు ఆ పేజీ చరిత్ర ఎవరూ తెరవలేదు. తెరవరు కూడా, మూసేసిన ఫిర్యాదు మూసేసినట్టే. ఐదింటికి సరే అని రాయవచ్చు. రేపో ఎల్లుండో చిన్న సవరణలు అని పేరుపెట్టి ఓ నలభై మార్పుల మధ్యన ఆ ఇరవైని మళ్ళీ వాలు అక్షరాల్లోకి జరిపేయవచ్చు. జరిపితే చాలు కదా, ఇంకెవరూ ఆ గుంటలో పడరు కదా. అసలు తప్పు తన ఒక్కదానిదేనా? ఇరవై వేసినవాడిది లేదా, రెండువందల పన్నెండు మార్పుల్నీ చూడకుండా సరేనన్న గుడ్లగూబది లేదా, ఎనిమిదని తెలిసీ ఇరవై కొట్టిన నర్సమ్మది లేదా. తిలాపాపం తలా పిడికెడు. పంచుకుంటే తన పిడికిలి ఎంత? మనసు ఎంత చకచకా వాటాలు వేస్తోందో చూసి ఆమెకే వెగటు పుట్టింది. ఆ పిడికెళ్ళన్నీ ప్రస్తుతం ఒక్క మనిషి ఒళ్ళోనే ఉన్నాయి. ఆవిడెలా ఉంటుందో. నలభై ఉంటాయా. నీలం చీటీ అంటించిన ఫ్రిజ్ ముందు నిలబడి, మూడు పేజీలు వెనక్కి తిప్పి, నియమం మళ్ళీ చదివి, ఇరవయ్యేనా అని ఒక్క క్షణం ఆగి, రాసినవాళ్ళు తనకంటే తెలిసినవాళ్ళై ఉంటారులే అని కొట్టి ఉంటుంది. ఆ ఆగిన క్షణం. అక్కడ తనుంటే చెయ్యి పట్టుకుని ఆపేదే. తను లేదు, తన బదులు బూడిదరంగు పెట్టె ఉంది.

"కాలు ఆడించకమ్మాయ్, బెంచీ ఊగుతోంది," అన్నారు మామగారు.

కాలు ఆపింది. కాసేపాగి, "మామయ్యగారూ, మీరెప్పుడైనా గుడ్డ పాడుచేశారా?" అని అడిగింది.

"దర్జీని అడిగే మాటేనా ఇది? పాడుచేయలేదన్నవాడు కత్తెరే పట్టి ఉండడు."

"అప్పుడేం చేసేవాళ్ళు?"

"జేబు పెట్టేవాణ్ణి." కళ్ళు మూసుకునే నవ్వారు. "అడక్కపోయినా పెట్టేవాణ్ణి. జేబు కింద బోలెడు తప్పులు పడుకుంటాయి. మీ అత్తగారు అనేది, మీ దగ్గర కుట్టించుకున్నవాళ్ళకి చేతులు రెండే, జేబులు ఆరు అని."

ఆమెకీ నవ్వొచ్చింది. ఆయన మాత్రం నవ్వు ఆపేశారు. రెప్పల కింద గుడ్లు అటూ ఇటూ కదిలాయి, ఏదో వెతుకుతున్నట్టు.

"ఒక్కటే జేబుకి లొంగలేదు. ఒక టీచరమ్మ పొడుగు కోటు కుట్టమని ముదురు నీలం గుడ్డ తెచ్చింది. భుజం దగ్గర పొట్టిగా తెగింది, పరాకుగా ఉన్నాను. గుడ్డ తడిపితే కుదించుకుపోయిందమ్మా, నాసిరకం అని చెప్పాను. సరేలెండి అంది. ఒక్కమాట అనలేదు."

"పోనీలెండి, గొడవ లేకుండా పోయింది."

"పోలేదు. మూణ్ణెల్లకి ఇంకో గుడ్డ పట్టుకుని మళ్ళీ నా దగ్గరికే వచ్చింది. 'ఈసారి మంచిది చూసి కొన్నాను మాస్టారూ' అంది."

ఆమె తడిసిన చేతిరుమాలు మడతపెట్టింది.

"తిట్టిపోసినవాళ్ళు చాలామంది ఉన్నారు. ఒక్కరి మొహమూ గుర్తులేదు," అన్నారు ఆయన. తర్వాత, "టైమెంతయింది?" అని అడిగారు.

పదకొండుకి ఐదు నిమిషాలు. ఇకమీదట జాగ్రత్తగా చదువుతాను. ఈసారి మంచిది చూసి కొన్నాను. ఒకదాని మీద ఒకటి పెట్టి చూస్తే అంచులు కలిసిపోయిన రెండు గుడ్డముక్కల్లా ఉన్నాయి ఆ మాటలు. నర్సమ్మ ఇకమీదట ప్రతి పేజీ రెండుసార్లు చదువుతుంది, మూడుసార్లు చదువుతుంది, అయినా తన కళ్ళనే అనుమానిస్తుంది. అంకెని జరిపితే పుస్తకం బాగుపడుతుంది, ఆవిడకి ఏం ఒరుగుతుంది? పెద్దడాక్టరు బల్ల మీద ఆవిడ సంజాయిషీ అలాగే ఉంటుంది. ఆ బల్ల మీదకి ఇంకో కాగితం వెళ్ళాలి. ఏమని? తప్పు పుస్తకానిది, నర్సు పుస్తకంలో ఉన్నట్టే చేశారు, ఇట్లు, చీపురుపుల్ల. ఆమెకి బెంచీ మీదే గట్టిగా నవ్వొచ్చి చేతిరుమాలు అడ్డం పెట్టుకుంది. ఏ పెద్దడాక్టరైనా చీపురుపుల్ల రాసిచ్చిన ఉత్తరం చూసి ఏమంటాడు? నర్సమ్మే రాసుకుని తెచ్చిందంటాడు. గోరుచుట్టు మీద రోకటిపోటు. నవ్వు ఆగాక, నవ్వు వెనకాల ఉన్నది మెల్లగా ముందుకొచ్చింది. పేరు కావాలి. తనకి తల్లీతండ్రీ పెట్టిన పేరు, ఇంటి నంబరు, వీధి, ఫోను. అడిగితే పలికే మనిషి. మూడేళ్ళుగా ఆ పేరు అక్కడెవరికీ తెలియదు. తెలియకపోవడంలో ఒక సుఖం ఉంది, ఇంట్లో ఏ అరలో ఏముందో అందరికీ తనే చెప్పాలి కానీ అక్కడ తనెవరో ఎవరికీ చెప్పక్కర్లేదు. ఆ సుఖం పోతుంది. బహుశా పెద్దరికమూ పోతుంది. పోతే పోనీ అని అనుకోవడం తేలికేనని తెలుసు, అందుకే అలా అనుకోలేదు. పోతుంది అనుకుంది. లెక్కగా, ఏ వస్తువు ఏ అరలోంచి పోతోందో చూసుకుంటున్నట్టు.

డాక్టరు చూసి, పొర ముదరలేదు, ఆరు నెలలయ్యాక రండి అని పంపేశాడు. తిరుగు బస్సులో వెలుతురు పడక మామగారు నల్లకళ్ళద్దాల మీద చెయ్యి కూడా అడ్డం పెట్టుకున్నారు. దిగేటప్పుడు ఆమె మోచెయ్యి పట్టుకుని, మెట్టు ఇదీ, ఇంకోటి ఉంది, అంతే, నేల అని చెబుతూ దింపింది. ఆయన ఆ మాటల మీదే బరువంతా వేసి దిగారు. ఆమె నేల అన్నచోట నేల ఉంది. ఇంటిదాకా నడుస్తూ ఆమె తలలో వాక్యాలు పేర్చుకుంటూనే ఉంది. ఫలానా తేదీన ఈ మార్పు చేసింది నేను. కాదు, ముందు నర్సమ్మ సంగతి. మీ ఆసుపత్రి నర్సు ఏ పొరపాటూ చేయలేదు. ఆ వాక్యం మొదట ఉండాలి, ఒంటరిగా, దాని పక్కన ఇంకేదీ లేకుండా. క్షమించమని అడిగే మాటలు ఎక్కువుండకూడదు, ఎక్కువైతే జాలి తనమీదకి మళ్ళుతుంది. పదో చోటు తర్వాత ఏముందో, నూటడెబ్బయ్యో చోట ఏముందో తనకి ఇప్పటికీ తెలియదు. ఇంకెన్ని నమూనాలు ఆజ్ఞలైపోయి కూర్చున్నాయో, వాటి ముందు ఈ క్షణాన ఎవరు ఆగి ఆలోచిస్తున్నారో. మీట నొక్కి వెనక్కి తిప్పేయవచ్చు, అదీ మళ్ళీ చూడకుండా చేసినట్టే. వాటిలో నిజంగా పెట్టెల్లో ఉండాల్సినవీ ఉన్నాయి. ఒక్కటొక్కటిగా చూడాలి. ఒకే తీరు వద్దని కాదు, ఆ తీరు కోసమే చూడాలి.

భోజనానికి నలుగురూ కూర్చునేసరికి ఒంటిగంట దాటింది. భర్త సాయంత్రం షిఫ్టుకి వెళ్ళాలి, పిల్లకి మధ్యాహ్నం క్లాసు లేదు. మామగారు నల్లకళ్ళద్దాలతోనే కూర్చుని, గిన్నెలో ఏముందో వాసన చూసి చెబుతున్నారు.

"తాతయ్యా, అచ్చం స్మగ్లర్‌లా ఉన్నావు," అంది పిల్ల.

"నీళ్ళిలా పెట్టు. స్మగ్లర్‌కి దాహమేస్తోంది."

ఆమె అందరికీ వడ్డించి, తనూ కూర్చుని, కంచంలో చెయ్యి పెట్టకుండా చెప్పింది. నర్సమ్మ ఫిర్యాదు, ఇరవై, పెట్టె, పోయిన ఏడాది మధ్యాహ్నం, పెద్దాయన ఉత్తరం, అన్నీ చెప్పింది. వరసగా, మెట్టు మెట్టుకీ ఆగి.  చెప్పడం అయ్యాక భర్త ముద్ద కంచంలోనే వదిలేసి, "పొద్దున నేనన్నమాట... నాకేం తెలుసు," అన్నాడు.

"మీరన్నది నిజమే. దానికేం లేదు."

"అయితే ఆ అంకెని మార్చెయ్. ఐదు నిమిషాల పని."

"మారుస్తాను. దాంతోపాటు ఆవిడకి ఉత్తరం రాస్తున్నాను, వాళ్ళ పెద్దడాక్టరుకి చూపించుకోవడానికి. ఆ మూసేసిన ఫిర్యాదు మళ్ళీ తెరిచి అందరికీ కనబడేలా దాని కిందే పెడుతున్నాను. నా అసలు పేరుతో. ఇంటి నంబరుతో."

"ఇంటి నంబరా? ఎవడైనా వచ్చి తలుపు కొడితే?"

"తీస్తాను."

పిల్ల తల్లి వైపు కొత్త మనిషిని చూసినట్టు చూస్తోంది. "అమ్మా, అక్కడ ఒకసారి పెడితే ఎప్పటికీ ఉంటుంది. తర్వాత నువ్వు తీసేసినా, తీసేశావని కూడా ఉంటుంది. నీ పేరు కొట్టి వెతికితే ముందు ఈ తప్పే వస్తుంది."

"తెలుసే."

"ఇక నిన్ను పెద్దగా పెట్టరేమో."

"ముందు అది చదవమని పెద్దాయనకి రాస్తాను. చదివాక కూడా కావాలంటే అప్పుడు అడగమంటాను. ఐదింటికి నేను సరే అని రాయడం లేదు."

మామగారు నల్లకళ్ళద్దాలు తీసి, వెలుతురికి కళ్ళు చికిలించి, ఆమె ఉన్న వైపు చూడబోయారు. ఏమీ కనబడినట్టు లేదు. అయినా అటే చూస్తూ ఉన్నారు.

"ఇంకోటి," అంది ఆమె. "రేపట్నుంచి పొద్దున ఎనిమిదింటినుంచి పదకొండుదాకా నేను ఇంట్లోనే ఉంటాను, కానీ లేనట్టే. ఏది ఎక్కడుందని నన్నడగొద్దు. వంట మీ తండ్రీకూతుళ్ళిద్దరూ చూసుకోండి, మాడినా తింటాను. ఆ రెండువందల పన్నెండు చోట్లూ ఒక్కొక్కటిగా నేనే చదవాలి, నా కళ్ళతో. మీట నొక్కను. ఎన్ని రోజులు పడితే అన్ని రోజులు."

"మీట నొక్కితే ఒక్క క్షణం పని కదోయ్," అన్నాడు భర్త. ఎగతాళిగా కాదు, నిజంగానే అడుగుతున్నట్టు.

"అవును, ఒక్క క్షణమే పట్టింది," అంది. "కూర ఇలా జరపండి."